ఆగడం తెలిసిన గాజుకన్ను

నేలపట్టు చెరువుకట్ట మీద చలికాలపు పొద్దున్నే నిలబడితే గూడబాతు గూటికి దిగడం చూడొచ్చు. బరువైన ఒళ్లు, వెడల్పాటి రెక్కలు, కింద సంచి వేలాడే పొడుగాటి ముక్కు. అంత ఆకారం గాలిలోంచి వచ్చి, రెక్కలు వెనక్కి విరిచి, కాళ్లు ముందుకి చాపి, నీళ్ల మధ్య చెట్టు చిటారుకొమ్మ మీద గూడు చెదరకుండా ఆగుతుంది. ఎగరడం చాలా పక్షులకి వచ్చు. ఇంత బరువుతో అంత సన్నటి కొమ్మ మీద ఆగడం చూడాల్సిన విద్య.

టెలిఫోటో జూమ్ లెన్సులో ఆటోఫోకస్ చేసే పని కూడా ఇదే. లోపల ఒక గాజుల జట్టు ముందుకీ వెనక్కీ పరుగెడుతుంది. పరుగు గొప్ప కాదు, సరైన చోట ఆగడం గొప్ప. అది ఆగలేక తడబడితే ఫొటోగ్రాఫర్లు "ఫోకస్ వెతుక్కుంటోంది" అంటారు. కిందటి చలికాలం నా 100–400 మిల్లీమీటర్ల లెన్సు నెల్లూరు తీరమంతా అలా వెతుక్కుంటూ తిరిగింది. ఆ తడబాటుకి కారణాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతే, ఇన్నేళ్లు భుజాన మోసిన ఆ గొట్టంలో ఎంత పనితనం ఉందో అప్పుడు తెలిసింది.

నెల్లూరు తీరం అన్నాను గానీ, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు దొరవారిసత్రం, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. నేలపట్టూ, పులికాట్ సరస్సు పడమటి ఒడ్డూ వాటితోనే వెళ్లాయి. అయినా మా నోళ్లలో అవి ఇంకా నెల్లూరు పక్షులే.

మొదటి తడబాటు నేలపట్టులో, కారు దిగగానే. ఏసీలో చల్లబడిన లెన్సుని చెరువుగాలిలోకి తీయగానే ముందు అద్దం మీద పొగమంచులా చెమ్మ పట్టింది. కంటికి అంతగా కనిపించలేదు గానీ, లెన్సుకి లోకమంతా మసక. షటర్ బటన్ సగం నొక్కితే ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి, ఏమీ దొరక్క ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. దీనికి మందు తుడవడం కాదు, ఓపిక. లెన్సుని సంచిలోనే పెట్టి, జిప్పు వేసి, అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. మా తీరంలో ఫొటోలు తీసేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇది. కారు ఏసీ ముందే కట్టేసుకుంటే ఆ అరగంట కూడా మిగులుతుంది.

రెండో తడబాటు కంచె మీది లకుముకిపిట్ట దగ్గర. అదృష్టం బాగుండి చేతికందేంత దగ్గర వాలింది. లెన్సు మాత్రం దాన్ని చూడనంది. వెనక చెట్లని చూపించింది గానీ పిట్టని కాదు. తప్పు నాదే. గొట్టం పక్కన ఉన్న చిన్న స్విచ్చిని దూరానికి పెట్టి మరిచిపోయాను. దాన్ని ఫోకస్ లిమిటర్ అంటారు. అలా పెడితే మూడు మీటర్ల లోపలిదాన్ని ఈ లెన్సు వెతకనే వెతకదు. ఎగిరే కొంగని పట్టేటప్పుడు ఆ పరిమితి వరం. వెతకాల్సిన దూరం తగ్గిపోయి గురి తొందరగా కుదురుతుంది. దగ్గరి పిట్ట దగ్గర అదే శాపం. యంత్రం నా మాట అక్షరాలా విన్నది. నేనే ఏం చెప్పానో మరిచిపోయాను.

ఇక్కడ లోపలి విద్య కొంచెం చెప్పుకోవాలి. అద్దం లేచి పడే ఎస్సెల్లార్ కెమెరాల్లో లెన్సు కుడి అంచు నుంచి వచ్చిన వెలుగునీ, ఎడమ అంచు నుంచి వచ్చిన వెలుగునీ రెండు సన్నటి వరుసల మీద విడివిడిగా పడేస్తారు. ఫోకస్ కుదిరితే రెండు బొమ్మల మధ్య ఉండాల్సిన ఎడం ఉంటుంది. ఎడం తగ్గితే ఫోకస్ పక్షికి ఒక వైపు తప్పింది, పెరిగితే మరో వైపు తప్పింది. ఎటు కదలాలో, ఎంత కదలాలో ఒక్క చూపులో తెలిసిపోతుంది. మన రెండు కళ్లూ దూరం కట్టే తీరుకి ఇది దూరపు చుట్టం. తెల్లటి ఆకాశం ముందు తెల్లకొంగని పెడితే పోల్చడానికి గీతలు దొరక్క తడబడుతుంది. అప్పుడు కొంగ ఒంటి మధ్యలో కాకుండా కన్ను మీదో, ముక్కు మొదట్లోనో గురి పెడితే చాలు, టక్కున కుదురుతుంది. చాలా తడబాట్లు ఇలాగే తీరతాయి.

ఈ విద్య జనం చేతికి వచ్చింది 1985లో, మినోల్టా 7000తో. దాని మీద పెద్ద తగాదానే నడిచింది. పేటెంట్లు మావి అంటూ అమెరికాలో హనీవెల్ కోర్టుకెక్కితే, 1992లో మినోల్టా 12.75 కోట్ల డాలర్లు కట్టి ఆ గొడవ ముగించుకుంది. ఆగే చోటు కనిపెట్టే తెలివికి అంత వెల.

చూపు ఎంత కచ్చితంగా ఉండాలో ఒక లెక్క చెబుతాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 400 మిల్లీమీటర్ల దగ్గర, ఎఫ్/5.6తో, పది మీటర్ల దూరంలో ఉన్న పక్షిని తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 20 సెంటీమీటర్లు. గూడబాతు ముక్కు ఒక్కటే సుమారు 30 సెంటీమీటర్లు ఉంటుంది. అది మన వైపు తిరిగి చూస్తే కన్నూ ముక్కు కొసా ఒకేసారి స్పష్టంగా రావు. కన్ను కావాలంటే కన్ను దగ్గరే ఆగాలి. అంత సన్నటి గీత మీద, కదిలే పక్షి కోసం, రెప్పపాటులో.

అలా ఆపే పని చేసేది మోటారు. పాతకాలపు లెన్సుల్లో కెమెరా లోపలి మోటారు ఒక మరచీలలాంటి దాన్ని తిప్పేది. అది పళ్లచక్రాల మీద గరగరమంటూ గాజుని కదిపేది. తరవాత వచ్చిన అల్ట్రాసోనిక్ మోటారు సంగతే వేరు. 1880లో క్యూరీ అన్నదమ్ములు కొన్ని స్ఫటికాల్ని నొక్కితే కరెంటు పుడుతుందని చూపించారు. తిరగేస్తే, కరెంటు ఇచ్చినప్పుడు అవి ఒంగుతాయి. ఆ గుణమున్న పింగాణీ రేకుని ఒక లోహపు ఉంగరం అడుగున అంటిస్తారు. సెకనుకి సుమారు 30 వేలసార్లు కరెంటుని అటూ ఇటూ మారుస్తారు. ఉంగరం మీద మిల్లీమీటరులో వెయ్యోవంతు ప్రాంతంలో అలలు లేచి చుట్టూ పరుగెడతాయి. దాని మీద ఒత్తిపెట్టిన మరో ఉంగరం ఆ అలల రాపిడికి తిరుగుతుంది. పళ్లచక్రాల్లేవు, మనిషి చెవికి అందే చప్పుడు లేదు. 1987లో కెనాన్ 300 ఎంఎం ఎఫ్/2.8 లెన్సులో ఈ ఉంగరం తొలిసారి ఫొటోగ్రాఫర్ల చేతికొచ్చింది.

నన్ను ఆకట్టుకున్నది దాని వేగం కాదు. కరెంటు ఆపగానే రెండు ఉంగరాలూ రాపిడితోనే పట్టుకుని, ఉన్నచోటే నిలిచిపోతాయి. వేరే బ్రేకు అక్కర్లేదు. దాన్ని చెడగొట్టేది కూడా ఆ రాపిడికి అడ్డొచ్చేదే. లోపల మరెక్కడో రాసిన గ్రీజు వేడికి కరిగి ఈ ఉంగరాల మధ్యకి పాకిందంటే పట్టు జారుతుంది. మండుటెండలో కారు డాష్‌బోర్డు మీద లెన్సు వదిలేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మూడో తడబాటు పులికాట్‌లో. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు వైపులా పలచటి ఉప్పునీళ్లు, దూరంగా గులాబీ గీతలా ఫ్లెమింగోల గుంపు. పదకొండు గంటలకి లెన్సు ఫోకస్ కుదిరిందనే చెప్పింది. ఇంటికొచ్చి చూస్తే పక్షులన్నీ నీళ్లలో నీడల్లా వంకరపోయి ఉన్నాయి. పాతిక ఫొటోల్లో ఏ రెండూ ఒకలా లేవు. గురి తప్పిన లెన్సు ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంది. ఇది అటూ ఇటూ ఊగింది. అంటే తప్పు గాలిది. వేడెక్కిన రోడ్డూ బురదనేలా పైన గాలిని పొరలు పొరలుగా వేడి చేస్తే, ఆ పొరల్లో వెలుగు వంగుతుంది. ఎంత ఖరీదైన గాజైనా దాన్ని సరిచెయ్యలేదు. పొద్దెక్కకముందే వెళ్లాలి, లేదంటే దగ్గరున్న పక్షితో సరిపెట్టుకోవాలి.

నాలుగోది మాత్రం నిజమైన రోగం. ఒకరోజు మైపాడు తీరంలో జూమ్ 300 దాటించగానే ఫోకస్ మొత్తం చచ్చిపోయింది. వెనక్కి 250కి తెస్తే బతికింది. లెన్సుకీ కెమెరాకీ మధ్య ఉండే బంగారుపూత చుక్కల మీద ఉప్పుగాలి పొర పట్టిందేమో అనుకున్నాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచాను. ముందున్న ఫిల్టర్ తీసి చూశాను. వేరే కెమెరాకి బిగించి చూశాను. ఏం చేసినా 300 దగ్గర అదే మూగనోము.

నెల్లూరులో ఒక చిన్న గదిలో లెన్సులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు స్క్రూడ్రైవర్ తియ్యలేదు. లెన్సుని చెవి దగ్గర పెట్టుకుని, జూమ్‌ని గోరంత గోరంతగా తిప్పుతూ బటన్ నొక్కాడు.

"చుక్కలు తుడిచినావా సామీ?"

"తుడిచానన్నా."

"వేరే బాడీ మీద చూసినావా?"

"చూశా. అదే తంతు."

"అయితే ఫ్లెక్స్. జూమ్ సాగినప్పుడల్లా వంగేది అదే కదా."

ఫ్లెక్స్ అంటే రాగిదారులు పరిచిన పలచటి ప్లాస్టిక్ పట్టీ. జూమ్ గొట్టం సాగినప్పుడల్లా తెరుచుకుని, ముడిచినప్పుడల్లా మడతపడుతుంది. వేలసార్లు వంగి వంగి ఒకచోట చిట్లుతుంది. చిట్లిన చోటు విచ్చుకునే కోణంలో మాత్రమే కరెంటు తెగుతుంది. అందుకే ఒక జూమ్ దగ్గర చావు, మరో దగ్గర బతుకు. విప్పకుండానే ఆయన రోగం చెప్పాడు.

విప్పడం చూడనిచ్చాడు. ప్రతి గొట్టం తీసేముందు రెండు అంచుల మీదా పెన్సిల్‌తో ఒకే గీత గీశాడు. మళ్లీ పెట్టేటప్పుడు ఏ మరపన్ను దగ్గర మొదలుపెట్టాలో తెలియాలి మరి. మౌంటు ఉంగరం కింద ఉన్న పలచటి ఇత్తడి షిమ్ములు తీసి, తీసిన వరుసలోనే ప్లాస్టిక్ డబ్బీలో పేర్చాడు. అవి అటూ ఇటూ అయితే ఫోకస్ మొత్తం జరుగుతుంది. స్క్రూడ్రైవర్ కూడా జపాను కొలతది. మామూలు ఫిలిప్స్ మొన జపాను స్క్రూల తలల్లో పూర్తిగా కూర్చోక, జారి, తలని కొరికేస్తుంది. కొత్త పట్టీ అతికాక పాత మడతల దారిలోనే దాన్ని కూర్చోబెట్టాడు. ఎక్కడా బిగుసుకోకుండా, ఎక్కడా రాసుకోకుండా.

గాజుల జట్టు చుట్టూ రంగు చుక్క పెట్టి సీలు వేసిన చిన్న మరలు కనిపించాయి. ఇవి కూడా ఒకసారి బిగిస్తే పోలేదా అన్నాను.

"ముట్టుకోకూడదు సామీ. గాజు నడిమధ్యన కూర్చునేదానికి కంపెనీవాళ్లు కొలిచి పెట్టినవి. కొలిచే యంత్రం లేకుండా తిప్పితే, ఉన్నది కూడా పోతాది."

ఆ మాటతో నాకు పనిమంతుడి హద్దు కనిపించింది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ల చేతుల్లోనూ ఇదే చూశాను. ఎంత చెక్కాలో తెలిసినవాడికే ఎక్కడ ఉలి ఆపాలో తెలుస్తుంది.

బిగించాక గోడకి దినపత్రిక అంటించాడు. స్టాండు మీద కెమెరా పెట్టి క్లాసిఫైడ్ల పేజీ మీద, సన్నటి అక్షరాల మీద ఫోకస్ చేశాడు. ఒకసారి వ్యూఫైండర్‌లోంచి, ఒకసారి వెనక తెరమీద లైవ్ వ్యూలో. రెండూ పోల్చాడు. వ్యూఫైండర్ ఫోకస్ అక్షరాలకి వెంట్రుకవాసి ముందు ఆగుతోంది. కెమెరా మెనూలో ఇందుకోసం సవరణ ఉంటుంది, మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా. ప్లస్ మూడు పెట్టాడు. 100 దగ్గరా, 400 దగ్గరా విడిగా చూశాడు. అంతే.

మీ లెన్సు తడబడితే మీరు ఈ వరుసలో రండి. ముందు అద్దం మీది చెమ్మ, తరవాత స్విచ్చిలు, ఫిల్టర్, బంగారుచుక్కలు, మధ్యనున్న గాలి. జూమ్ మార్చిన ప్రతిసారీ ఫోకస్ మళ్లీ పట్టండి, చాలా జూమ్ లెన్సుల్లో అది కొద్దిగా జరుగుతుంది. కొత్త తరం లెన్సుని కరెంటు లేకుండా ఊపితే లోపల గలగలమంటే కంగారు పడొద్దు. లీనియర్ మోటారు మీద తేలే గాజుకి అది మామూలే. వీటన్నిటికీ లొంగనిదే రోగం. దాన్ని ఇంట్లో విప్పకండి. విప్పకుండానే రోగం చెప్పగలిగే మనిషిని వెతుక్కోండి.

బాగైన లెన్సుతో మళ్లీ నేలపట్టు వెళ్లాను. ఈసారి ఏసీ కట్టేసి వెళ్లాను. 400 దగ్గర గూడబాతు దిగింది. లెన్సు దాని కన్ను మీదే ఆగింది.