థావో వాళ్ల నాన్న ఏడీ?

'గ్రాన్ టొరినో' (2008) హాస్టల్లో మొదటిసారి చూసినప్పుడు ఏడ్చేశాను, అబద్ధమెందుకు. ఈ మధ్య మళ్లీ చూస్తే ఒక సందేహం పట్టుకుంది. థావో డెట్రాయిట్‌లో ఉండే హ్మాంగ్ కుర్రాడు. ఇంట్లో అమ్మ, అక్క, ఓ ముసలావిడ. మరి నాన్న ఏడీ? పనిముట్లు పట్టడం దగ్గర్నించి ఉద్యోగం అడగడం దాకా అన్నీ నేర్పేది పక్కింటి తెల్ల ముసలాయన వాల్ట్, అంటే క్లింట్ ఈస్ట్‌వుడ్. తండ్రి చోటు ఖాళీగా ఉంటే తప్ప ఆయనకి ఇక్కడ పనిలేదు!

లావోస్ యుద్ధం తర్వాత శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ కుటుంబాలు వేలల్లో స్థిరపడ్డ ఊరు, మిన్నెసోటాలోని సెయింట్ పాల్. ఇంచుమించు ఆ సినిమా కాలంలోనే అక్కడో తండ్రి, జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటున్న కూతురికి బ్యాలెన్స్ బీమ్ కొనే స్తోమత లేక, పెరట్లో తనే చెక్కతో చేసిపెట్టాడు. ఆ అమ్మాయి సునీసా లీ. 2019లో ఆయన నిచ్చెన మీంచి పడ్డాడు, కాళ్లు చచ్చుబడిపోయాయి. 2021లో టోక్యోలో ఆమె ఆల్-అరౌండ్ స్వర్ణం గెలవడం వీల్‌చైర్‌లో కూర్చుని టీవీలో చూశాడు.

వార్తలూ ఆ బీమ్ చుట్టూనే తిరిగాయనుకోండి. పిల్లని రోజూ ప్రాక్టీసుకి దించడం, ఫీజులు సర్దడం ఎవరికీ కథగా కనపడవు.

వాల్ట్ తన గరాజ్ చూపించే సీన్ నాకిప్పటికీ ఇష్టమే. కాకపోతే గోడ నిండా వేలాడే ఆ పనిముట్లు చూస్తుంటే ఇప్పుడు సెయింట్ పాల్ పెరడు గుర్తొస్తోంది.