కీబోర్డుకు తెలుగూ రాదు, ఇంగ్లిషూ రాదు

‘తెలుగు కీబోర్డు ఎక్కడ దొరుకుతుందండీ?’ అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. మీ బల్ల మీద ఉన్నదే తెలుగు కీబోర్డు అంటే వేళాకోళం అనుకుంటారు. రోజూ తెలుగు టైపు చేసుకు బతికేవాణ్ని కనుక ఈ వారం ఆ మాట విడమరిచి చెబుతాను.

కీ మీద అచ్చేసిన అక్షరం మన కళ్ల కోసమే. దాని సంగతి కీబోర్డుకు తెలియదు. కీల అడుగున అడ్డంగా, నిలువుగా గీతలు గళ్లుగా ఉంటాయి. కీ నొక్కితే ఒక అడ్డగీతా ఒక నిలువుగీతా కలుస్తాయి. లోపలి చిప్ అది ఏ గడో చూసుకుని, ఆ కీకి కేటాయించిన అంకెను సిద్ధం చేస్తుంది. యూఎస్‌బీ లెక్కలో ఏ కీ 4, బీ 5, సీ 6, డీ 7. షిఫ్ట్ నొక్కి ఉంటే ఆ సంగతి విడిగా చెబుతుంది. వేలు తీసిన కబురూ చెబుతుంది. అది అందేదాకా కంప్యూటర్ అదే అక్షరాన్ని వరసగా వేసుకుంటూ పోతుంది.

ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో ‘అమ్మ’ కొట్టి చూడండి. షిఫ్ట్ పట్టి డీ, ఆపైన సీ, డీ, సీ. కీబోర్డు నుంచి వెళ్లేది షిఫ్ట్‌తో 7, తర్వాత 6, 7, 6. అంతే. మొదటి 7ను అకారంగా, రెండో 7ను పొల్లుగా, 6ను మకారంగా చదువుకునేది కంప్యూటర్. మకు మవత్తు తగిలించేదీ అదే. హిందీ పెట్టుకుంటే అదే 6 హిందీ మ అవుతుంది, కన్నడం పెట్టుకుంటే కన్నడ మ.

పైగా యూఎస్‌బీ కీబోర్డు అడగందే నోరు విప్పదు. ‘ఏమైనా ఉందా?’ అని కంప్యూటరే మాటిమాటికీ అడుగుతుంది. మామూలు మౌస్‌నైతే సెకనుకు 125 సార్లు అడగడం రివాజు. పాత గుండ్రటి ప్లగ్గుల పీఎస్/2 కాలంలో కీబోర్డే ముందుగా కబురు పంపేది.

మౌస్ కూడా తానెక్కడుందో చెప్పదు. కిందటిసారి చెప్పినప్పటి నుంచి ఎటు, ఎంత జరిగిందో చెబుతుంది. అందుకే దాన్ని ఎత్తి పక్కన పెడితే తెర మీది బాణం ఉన్నచోటే ఉంటుంది. అడుగున ఉన్న బుల్లి కెమెరా బల్లను గబగబా ఫొటోలు తీసి ఒకదానితో ఒకటి పోల్చుకుంటుంది. నున్నటి అద్దం మీద పెడితే పోల్చుకోవడానికి గుర్తులు దొరక్క తడబడుతుంది.

ఇదంతా తెలిశాక, కొత్తగా నేర్చుకునేవాళ్లను కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించనివ్వడం మానేశాను. వేళ్లకూ అక్షరం అక్కర్లేదు, చోటు తెలిస్తే చాలు. స్టిక్కరుంటే చూపు కిందికే పోతుంది, వేలికి చోటు పట్టుబడదు. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతాల గుర్తులు ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి వచ్చాయి. అలవాటైతే రెండు చేతులూ జంట రోకళ్లలా వంతులవారీగా పడతాయి.

సెట్టింగ్స్‌లో భాషల జాబితాకు తెలుగు చేర్చుకోండి. క గుణింతంతో మొదలుపెట్టండి. కుడిచెయ్యి కే మీదే ఉంటుంది, ఎడమచెయ్యి ఈ, ఎఫ్, ఆర్ కీల మీద కా, కి, కీలు పలికిస్తుంది.