సేనాని, విలేఖరి, మామండ్ లోయ

చర్చిల్ మొదటి పుస్తకం 'ది స్టోరీ ఆఫ్ ది మలాకండ్ ఫీల్డ్ ఫోర్స్' 1898లో వెలువడింది. దానిని అతడు మేజర్ జనరల్ సర్ బిండన్ బ్లడ్‌కు అంకితమిచ్చాడు. కృతిభర్త ఎవరో తెలిస్తే కావ్యంలో ఏ సంగతులు రావో ముందే ఊహించవచ్చునని ప్రబంధాలు చదివినవారికి తెలుసు. యీ పుస్తకం విషయంలోనూ అంతే.

1897 జులై 26 రాత్రి వాయవ్య సరిహద్దులోని మలాకండ్ శిబిరం మీద పఠాన్లు విరుచుకుపడ్డారు. (ఆ రాత్రి దాడికి గురైనవారిలో మద్రాసు సాపర్ల దళం కూడా వున్నది. దక్షిణాది బీదబిడ్డలు ఎవరి కొండలను ఎవరికోసం కాపలా కాశారో ఆలోచించవలసిన విషయం.) ఎదురుదాడికి బ్లడ్‌ను సేనానిగా నియమించారు. బెంగుళూరు దండులో అశ్వికదళపు చిన్న అధికారిగా వున్న చర్చిల్, బ్లడ్ లోగడ తనకిచ్చిన మాట గుర్తుచేశాడు. సైన్యంలో ఖాళీ లేదనీ, విలేఖరిగా రమ్మనీ బ్లడ్ జవాబిచ్చాడు. అంటే యుద్ధం నడిపించినవాడే యుద్ధకథ వ్రాసేవాణ్ణి కూడా పిలిపించుకున్నాడు. సేనాని పాత్రలో యీ భాగాన్ని చరిత్రకారులు చప్పున దాటిపోతారు. సాహిత్య విద్యార్థి దాటిపోగూడదు.

తిరుగుబాటుకు కారణమేమిటి? ముల్లాల ప్రబోధం, మతోన్మాదం అనే మాటల మీదనే చర్చిల్ బరువంతా వేస్తాడు. ముల్లాలు లేకపోలేదు. కాని 1893లో డ్యూరండ్ గీత పఠాన్ల భూమిని చీల్చింది. 1895లో చిత్రాల్ మీదికి సైన్యం వెళ్లినప్పుడు, దారిలోని తెగల నేలను శాశ్వతంగా ఆక్రమించబోమని ప్రభుత్వం ప్రకటించింది. సైన్యం పని ముగిసింది. రోడ్డు మిగిలింది, దానిని కాచే కోటలూ మిగిలాయి. ఆ దండయాత్రలో సర్ రాబర్ట్ లో కింద ప్రధాన స్టాఫ్ అధికారి యీ బ్లడ్‌గారే! రోడ్డు వేయించినవారిలో ఒకడు, ఆ రోడ్డును సహించనివారిని శిక్షించడానికి రెండేళ్లకు తిరిగివచ్చాడన్నమాట. చర్చిల్‌కు యీ సంగతులు తెలియవనలేము. రోడ్డు గొడవ అతని పుస్తకంలోనే వుంది. తెలిసీ, దానిని కథకు పక్క వాకిట్లో కూర్చోబెట్టాడు.

సెప్టెంబరు 16న మామండ్ లోయలో జెఫ్రీస్ దళానికి గట్టి దెబ్బ తగిలింది. చనిపోయినవారూ గాయపడినవారూ కలిసి 149 మంది. బ్లడ్ ఆనాడు అక్కడ లేడు. మరొక దళంతో నవాగైలో వున్నాడు. దెబ్బ సంగతి తెలిసిన తర్వాత, జెఫ్రీస్ అక్కడే వుండి లోయను ధ్వంసం చేయాలని ఆజ్ఞ పంపాడు. ఊరు తర్వాత ఊరుగా పని సాగింది. ఇళ్లు కూల్చారు, బావులు పూడ్చారు, బురుజులు పేల్చారు, నీడనిచ్చే చెట్లు నరికారు, పంటలు కాల్చారు, చెరువులు తెగగొట్టారు. యిది మనం పెట్టిన నేరారోపణ కాదు. 1930లో వెలువడిన 'మై అర్లీ లైఫ్'లో చర్చిల్ స్వయంగా ఒప్పుకున్న జాబితా. ఆజ్ఞ బ్లడ్‌దేనని కూడా అక్కడ చెప్పాడు.

1898 పుస్తకం గ్రామదహనాలను దాచలేదు. అంతకంటె నేర్పుగా, వాటిని సమర్థించింది. మనిషి ప్రాణం తీయడం న్యాయమైన చోట ఆస్తిని నాశనం చేయడం అన్యాయమెట్లా అవుతుందని చర్చిల్ వాదం. వినడానికి తర్కంగానే వుంటుంది. కాని చచ్చినవాడి చేతిలో తుపాకి వున్నది. పూడ్చిన బావి నీళ్లు తాగే పసిపిల్లల చేతిలో ఏమున్నది? 'ఆస్తి' అనే ఒక్క మాటతో బావినీ పంటనీ కప్పేసి, వాటిమీద బతికే మనుషులను వాక్యంలోంచి తప్పించాడు. సెప్టెంబరు 16న పడిపోయిన బ్రిటిష్ అధికారులకు పేర్లున్నాయి, వారి మరణాలకు వర్ణనలున్నాయి. అక్కడ చర్చిల్ వచనం నిజంగా గొప్పది, కాదనడం మూర్ఖత్వం. మామండ్ల మృతులకు మాత్రం అంకె చాలునన్నాడు.

1953లో చర్చిల్‌కు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. అతని వాక్యాన్ని శైలికి నమూనాగా చూపే అధ్యాపకులు మనలోనూ వున్నారు. చూపనివ్వండి. ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూపితే యింకా మంచిది. మొదటిదానిలో శిక్ష అవసరమని వాదించిన యువకుడు, ముప్ఫయి రెండేళ్ల తర్వాత, అదంతా చేయదగిన పనేనా అంటే తాను చెప్పలేనని తేలిగ్గా అనేశాడు. అప్పటికి అతడు బ్రిటిష్ ఆర్థికమంత్రి పదవి కూడా చేసి దిగాడు. సేనానికి మాత్రం అంత సందేహమైనా వున్నట్టు ఆ పుటలలో ఎక్కడా కనబడదు.