కేకలోని శ్రుతి: ఆర్కిటెక్ట్స్ 'హోలీ హెల్'

2016 ఆగస్టు 20న టామ్ సర్ల్ చనిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు. ఇంగ్లండ్‌లోని బ్రైటన్ నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్స్ బ్యాండ్‌కి గిటారిస్టు, బాణీలు కట్టేవాడు, పాటలు రాసేవాడు. మూడేళ్లు క్యాన్సర్‌తో ఉంటూనే దేశాలు తిరిగి కచేరీలు చేశాడు. ఆ సంగతి శ్రోతల్లో చాలామందికి అతను పోయాకే తెలిసింది. బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే డాన్ సర్ల్ అతని కవల సోదరుడు. అప్పటిదాకా టామ్ రాస్తూ వచ్చిన పాటల బాధ్యత డాన్ మీద పడింది. అలా పుట్టిన ఆల్బమ్ 'హోలీ హెల్'. పదకొండు పాటలు, 2018 నవంబరు 9న ఎపిటాఫ్ రికార్డ్స్ విడుదల చేసింది. మెటల్‌కోర్‌లో దీనికి మించినది నేను వినలేదు. కన్వర్జ్ అభిమానులు 'జేన్ డో' మాటేమిటని అడుగుతారు. అది గొప్ప ఆల్బమే, ఒప్పుకుంటాను. నా ఓటు మాత్రం 'హోలీ హెల్'కే.

మెటల్‌కోర్ చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికా హార్డ్‌కోర్ పంక్‌లోని కోపం, మెటల్‌లోని గిటారు పనితనం కలిస్తే పుట్టిన సంగీతం ఇది. స్వీడన్ బ్యాండ్ ఎట్ ది గేట్స్ 1995లో తెచ్చిన 'స్లాటర్ ఆఫ్ ది సోల్' రిఫ్‌లను, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే గిటారు పలుకులను, అమెరికా కుర్రాళ్లు ఒంటబట్టించుకున్నారు. చరణమంతా అరుపు, పల్లవి వచ్చేసరికి గానం అనే పద్ధతిని 2002లో కిల్‌స్విచ్ ఎంగేజ్ బ్యాండ్ 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీదింగ్'తో స్థిరపరిచింది. ఆ స్వీడన్ ఆల్బమ్ రికార్డయిన స్టూడియో ఫ్రెడ్మన్‌కే వెళ్లి ఆర్కిటెక్ట్స్ 2014లోనూ 2016లోనూ రెండు ఆల్బమ్‌లు చేశారు. తమ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్లు.

ఇక టామ్ ఉన్ననాటి నుంచీ ఈ బ్యాండ్ పనితనం. కొత్తగా వినేవాళ్లకి ఇదంతా ఒకే మోతలా అనిపిస్తుంది. ముందు బ్రేక్‌డౌన్ అంటే ఏమిటో పట్టుకోండి, తక్కినది దారికొస్తుంది. దూసుకుపోతున్న పాట ఒక్కసారిగా సగం వేగానికి దిగుతుంది. శ్రుతి బాగా కిందికి దించిన గిటారు మందపు తీగను అరచేతి అంచుతో నొక్కిపట్టి మీటుతారు. ఆ ప్రతి మీటుకీ డ్రమ్మరు కాలి కింది కిక్ డ్రమ్ తోడు పలకాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బలమంతా కారిపోతుంది. టామ్ గొప్పతనం దెబ్బలో కన్నా దెబ్బకీ దెబ్బకీ మధ్య వదిలిన ఖాళీలో ఉంది. సమం మీద పడుతుందనుకున్న దెబ్బ కాస్త ముందో వెనకో పడుతుంది. మృదంగం తని ఆవర్తనం శ్రద్ధగా వినేవాళ్లకి ఈ దోబూచులాట కొత్త కాదు. పైన గిటారు, కింద డ్రమ్స్, వాయించిన ఇద్దరూ ఒకే కడుపున పుట్టినవాళ్లు. ఆ లంకె ఏ సాధనతోనూ రాదని నా నమ్మకం.

గాత్రం సామ్ కార్టర్‌ది. గొంతు చించుకోవడానికీ స్క్రీమ్ చెయ్యడానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. ఊపిరి పొట్ట లోతుల్లోంచి రావాలి, గొంతులో రాపిడి అదుపులో ఉండాలి, లేకపోతే పది రోజుల టూరులోనే స్వరం పోతుంది. చాలామంది గాయకుల అరుపులో స్వరస్థానం వినపడదు. సామ్ అరుపులో వినపడుతుంది. కేక వేస్తూనే బాణీ నిలబెడతాడు, అదే ఊపిరిలో గానంలోకి జారతాడు. 'డూమ్స్‌డే' పల్లవి వినండి, ఎక్కడ కేక ఆగిందో ఎక్కడ పాట మొదలైందో గీత గీసి చూపించలేరు.

ఆ 'డూమ్స్‌డే' టామ్ మొదలుపెట్టి వదిలి వెళ్లిన పాట. డాన్, సైలోసిస్ బ్యాండ్ నుంచి వచ్చి చేరిన గిటారిస్టు జాష్ మిడిల్టన్ కలిసి దాన్ని పూర్తి చేశారు, 2017లో ముందుగా విడుదల చేశారు. పోయినవాడి అసంపూర్తి పనిని ముట్టుకోవాలంటే చెయ్యి వణుకుతుంది. జాష్ తన ముద్ర కోసం తాపత్రయపడలేదు, టామ్‌ను అనుకరించనూ లేదు. ఆ సంయమనాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

2016 మే నెలలో వచ్చిన 'ఆల్ అవర్ గాడ్స్ హావ్ అబాండన్డ్ అజ్' ఆల్బమ్‌లో టామ్ తన చావును తానే ఎదురుగా చూస్తూ రాశాడు. చివరి పాట 'మెమెంటో మోరి'లో తత్త్వవేత్త ఆలన్ వాట్స్ స్వరం వినిపిస్తుంది. ఆల్బమ్ వచ్చిన మూడు నెలలకే టామ్ లేడు. 'హోలీ హెల్' ఆ ఆల్బమ్‌కు జవాబు, మిగిలిపోయినవాడి వైపు నుంచి. మొదటి పాట 'డెత్ ఈజ్ నాట్ డిఫీట్' నేరుగా సోదరుణ్ని ఉద్దేశించింది. 'హియరాఫ్టర్'లో బతకడానికి దారి వెతుకులాట. 'మోర్టల్ ఆఫ్టర్ ఆల్'లో మనిషి నశ్వరుడన్న ఎరుక. 'ది సెవెంత్ సర్కిల్' రెండు నిమిషాలు కూడా ఉండదు, అందులో ఓదార్పు ఒక్క చుక్క లేదు, ఉట్టి హార్డ్‌కోర్ కోపం. అలాంటి పాట ఉండబట్టే తక్కినవాటిని నమ్ముతాం. ఏడ్చే ఇంట్లో కోపం కూడా ఉంటుంది కదా. చివరిది 'ఎ వేస్టెడ్ హిమ్'. దుఃఖం తీరిపోయిందని అబద్ధం చెప్పదు, దానితోనే బతకొచ్చని ఒప్పుకుంటుంది. ఆల్బమంతటా వెనక వయొలిన్ల బృందం, ఎలక్ట్రానిక్ ధ్వనులు ఉంటాయి. అవి అలంకారం కోసం పెట్టినవి కావు. గిటారు మోత ఆగిన చోట నిశ్శబ్దం పూర్తిగా కమ్మెయ్యకుండా పట్టుకుంటాయి.

ఇప్పుడు నా కడుపుమంట చెప్పాలి. టామ్ వెళ్లిన తర్వాత అతని రిఫ్‌లకు నకళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. అదే దించిన శ్రుతి, అదే విరుపు, బ్రేక్‌డౌన్‌కి ముందు సామ్ వేసే 'బ్లే' అనే కేక కూడా అచ్చు అదే. కంప్యూటర్లో రెడీమేడ్ ధ్వని దొరుకుతుంది, డ్రమ్స్ మౌస్‌తో పేరుస్తారు, ప్రతి దెబ్బనీ గడిలో కూర్చోబెడతారు. మనిషి కాలు తొక్కిన ఆనవాలే ఉండదు. పదిహేను సెకన్ల వీడియోలో పేలడానికి బ్రేక్‌డౌన్ ముందు తయారవుతుంది, పాట తర్వాత పుడుతుంది. ఏమి పోగొట్టుకున్నారని అంత కేక? ఎవరి కోసం? పద్యం రాకుండా ఉత్తరీయం కప్పుకుని అవధానానికి కూర్చున్నట్టు ఉంటుంది. యంత్రాలను నేను తప్పు పట్టను, ఆర్కిటెక్ట్స్ కూడా వాటిని వాడారు. చెప్పడానికి ఏమీ లేకుండా గొంతెత్తడమే నేరం.

2021లో ఆర్కిటెక్ట్స్ ఆల్బమ్ 'ఫర్ దోజ్ దట్ విష్ టు ఎగ్జిస్ట్' బ్రిటన్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానం కొట్టింది. సంతోషించాను. రాక్ వైపు జరిగిన ఆ ధ్వని మాత్రం నాకు పూర్తిగా రుచించలేదు. డాన్ రాసే మాటలో పదును ఉంది, టామ్ విడిచిన ఆ ఖాళీలే తగ్గాయి. ఇది మూర్ఖాభిమానమని ఎవరైనా అంటే కాదనను, మార్చుకోను.

దయచేసి 'హోలీ హెల్'ను ముక్కలుగా వినకండి. ఫోను స్పీకరులో అసలు వద్దు, కింది స్థాయి ధ్వని సగం పోతుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ముందు 2016 ఆల్బమ్, దాని వెంటనే ఇది, మాటలు ఎదురుగా పెట్టుకుని వరసగా వినండి. మెటల్ అంటే చెవులు మూసుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకి ముందు ఆ అన్నదమ్ముల సంగతి చెప్పండి. ఆ తర్వాత 'ఎ వేస్టెడ్ హిమ్' వినిపించండి.