గర్భపాత వివాదము: దితి, ఉత్తర, గాంధారి కథల సాక్ష్యము

గర్భపాతమును గూర్చిన ధర్మచర్చలో వాదించువారు తఱచుగా ప్రాచీన గ్రంథముల నుదాహరింతురు. భ్రూణహత్య మహాపాతకమని స్మృతులు చెప్పుటతో వాదము ముగిసినదని కొందఱు తలంతురు. అవి పురుషుల రచనలు కావున వానితో పని లేదని మఱికొందఱు. ఈ రెండు పక్షములును కావ్యమును చదువకయే తీర్పు చెప్పుచున్నవని మా యభిప్రాయము.

రాయచోటి మొదలగు మెట్టసీమ యూళ్లలో భారత భాగవతములు గ్రంథపఠనముచేతనే కాక హరికథలచేతను, తోలుబొమ్మలాటలచేతను జనులకు చేరినవి. కడపసీమలోని ఒంటిమిట్టయే పోతన నివాసమను వాదము నిచ్చట ప్రబలము. కావున నీ కథల యర్థనిర్ణయము పండిత వినోదము మాత్రము కాదు.

గర్భమునకు హాని గలిగిన కథలలో మూడు ముఖ్యములు. భాగవత షష్ఠస్కంధమును తెనిగించినవాడు ఏర్చూరి సింగన. అందు ఇంద్రుడు దితి నిద్రించు వేళ గర్భమున బ్రవేశించి పిండమును ఖండించెను. ఆ ఖండములే నలువదితొమ్మండ్రు మరుత్తులైరి. పోతన ప్రథమస్కంధమున అశ్వత్థామ యస్త్రము ఉత్తర గర్భముపైకి వచ్చెను. తాను దగ్ధమైనను గర్భమును గావుమని యామె కృష్ణుని వేడెను. నన్నయ యాదిపర్వమున గాంధారి కుంతికి పుత్రుడు గలిగెనని విని, దుఃఖముతో తన గర్భమును తానే తాడించుకొనెను.

మొదటి రెండింట హింస పరునిది; తల్లి యనుమతి లేదు. అశ్వత్థామకు భారత సౌప్తికపర్వమున ఘోరశాపము గలిగినది. మూడవదానిలో చేయి తల్లిదే. మనుస్మృతి పదునొకండవ యధ్యాయము గర్భహత్యకు బ్రహ్మహత్యా ప్రాయశ్చిత్తమును చెప్పినది. అయిదవ యధ్యాయము గర్భమునకు ద్రోహము చేసిన స్త్రీకి ఉదకక్రియయు నిషేధించినది. కాని వ్యాసుడు గాంధారిని శపింపలేదు, ప్రాయశ్చిత్తము విధింపలేదు. మాంసపిండమును విభజించి నేతికుండలలో నుంచు నుపాయమును చెప్పెను. స్మృతి దండించు చోట కావ్యము చికిత్స చేసినది.

ఇందుచే పురాణము గర్భపాతమున కనుమతి యిచ్చినదని చెప్పరాదు. గాంధారి సంతానమును కోరినదే కాని వలదన్నది కాదు. వ్యాసుని యుపాయమును పిండరక్షణకే, వంశరక్షణకే. ఆ కథ మనకిచ్చునది అనుమతి కాదు, వివేచనము: బలాత్కారముగా గర్భమును హరించువాడు వేఱు, ఆర్తిచే తన గర్భమునకు తానే చేటు దెచ్చుకొను స్త్రీ వేఱు.

1860 నాటి భారత శిక్షాస్మృతి యీ భేదమును కొంత గుర్తించినది. 312వ సెక్షను స్త్రీని గూడ నేరస్థురాలిని జేసినను, 313వది ఆమె యనుమతి లేక చేసిన గర్భపాతమునకు మిక్కిలి పెద్ద శిక్ష విధించినది. 1971 నాటి చట్టము వయోజన యగు స్త్రీ యనుమతియే చాలుననెను. భర్త యనుమతి నడుగలేదు. 2021 సవరణ కొన్ని తరగతుల స్త్రీలకు గడువును 24 వారముల వఱకు పెంచెను. 2022లో సర్వోన్నత న్యాయస్థానము అవివాహితలకును ఆ యవకాశము గలదనెను. అయినను వైద్యుని యభిప్రాయము నేటికిని ఆవశ్యకమే. వ్యాసుని స్థానమున వైద్యుడు నిలిచినాడు; గాంధారి మాట యింకను రెండవదే.

ఆడపిండమని యెఱిగి చేయించు గర్భపాతమును గాంధారి కథతో ముడివెట్టరాదు. పిండ లింగనిర్ధారణమును 1994 చట్టము నిషేధించినది. అట్టి చోట స్త్రీ యనుమతి పేరునకు మాత్రమే. ఇంటివారి నిర్బంధమే ప్రబలము. అది దితి కథకు చేరునది.

ఈ మూడు కథలలోను లోపించినది, గర్భమును వలదను స్త్రీ స్వయముగా పలికిన మాట. 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనము నాటి స్త్రీవాద కవిత్వమున, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వంటి రచనలలో, ఆ మాట వినవచ్చినది. పేరులోనే ‘వాఙ్మూల’మున్నది: న్యాయసభలో నిందితురాలుగా నిలువబడిన స్త్రీ యిచ్చట సాక్షి యైనది. పురాణమును ప్రమాణముగా గొనువారు గాంధారిని విడువరాదు. ఆధునిక కవిత్వమును ప్రమాణముగా గొనువారు ఉత్తర ప్రార్థనను విడువరాదు. గర్భమును కావుమనుటయు, వలదనుటయు నామె నోటినుండియే వినవలెనని యీ కథలను కలిపి చదివినవారికి తోచక మానదు.