పిట్టల పద్దు

పెరట్లో బాదం మొక్క ఆకులు కుట్టి దర్జీ పిట్ట గూడు పెట్టింది. వారం రోజులుగా పొద్దున్నే కుర్చీ వేసుకుని దాని రాకపోకలు రాస్తున్నాను. ‘‘పిట్టకి హాజరుపట్టీ ఏమిటండీ!’’ అని మా ఆవిడ నవ్వింది. వెంటనే మోరో గుర్తొచ్చాడు.

రెజినాల్డ్ మోరో పక్షిశాస్త్రం చదువుకున్నవాడు కాడు. బ్రిటిష్ సైన్యం లెక్కలు తనిఖీ చేసే ఆఫీసు ఉద్యోగి. కీళ్లవాతం పీడిస్తుంటే 1920లో పొడిగాలి ఉండే కైరోకి మారాడు. పిట్టల పిచ్చి అక్కడే ముదిరింది. 1928లో ఇప్పటి టాంజానియాలోని ఉసంబర కొండల మీద, అమానీ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. ఆడిట్ బుద్ధి మాత్రం వదల్లేదు. స్థానిక సహాయకుల్ని గూళ్ల దగ్గర కూర్చోబెట్టి, తల్లి ఎప్పుడు లేచింది, ఎప్పుడు తిరిగొచ్చింది రాయించేవాడు. ఆఫ్రికా పక్షులు ఎన్నాళ్లు పొదుగుతాయి, పిల్లలు ఎన్నాళ్లకి ఎగురుతాయి అన్న లెక్కలతో 1940లో భార్య వినిఫ్రెడ్‌తో కలిసి వ్యాసం ప్రచురించాడు.

అంతకు రెండేళ్ల ముందే, ఉలుగురు కొండల అడవి పిట్ట ఒకదానికి ఆమె పేరు పెట్టాడు. తలా గొంతూ ఇటుక రంగు, వీపు ముదురాకుపచ్చ. వాడుకలో దాన్ని ‘మిసెస్ మోరో వార్బ్లర్’ అంటారు. నాకా పేరు నచ్చదు. శాస్త్రీయ నామంలో ‘వినిఫ్రెడే’ అని ఆమె సొంత పేరే ఉందిగా! మన దర్జీ పిట్టా అదీ ఒకే కుటుంబం, సిస్టికోలిడే. కాకపోతే మనది కళ్లెదుటే గంతులేస్తుంది. అది నేలకి దగ్గరగా, చిక్కటి పొదల్లో తిరుగుతుంది. కంటికి దొరికేకంటే చెవికే ఎక్కువ దొరుకుతుంది. ఆడా మగా కలిసి యుగళగీతం పాడతాయి.

మొదటి మూడు రోజులు నేనో తప్పు చేశాను. పిట్ట వచ్చినప్పుడే రాశాను. ఎంతసేపు కూర్చున్నానో రాయలేదు. పన్నెండుసార్లు వచ్చిందంటే గంటలోనా, పూటంతానా? ఆ పేజీలు దేనికీ పనికిరావు. పిట్ట రాని గంట కూడా పద్దే. ఆడిటర్‌కి అది ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు మూడు రోజులు పట్టింది.

ఉలుగురు పిట్టకి ఇప్పుడు ముప్పుంది. కింది వాలుల్లో అడవి కొట్టి పొలాలు చేస్తున్నారు. దాని పద్దు అక్కడివాళ్లు రాయాలి. మీ పెరటి పిట్టది మీరు రాయండి. కుర్చీలో కూర్చున్న టైము మాత్రం ముందు వేయండి.