గరిటె కొలత

మొన్నో ఆదివారం సాయంత్రం మేనల్లుడి పోరు పడలేక బందరు రోడ్డులో ఒక బర్గర్ల కొట్టుకి వెళ్లాను. పేరెందుకు లెండి. ఫ్రెంచ్ ఫ్రైలతో పాటు ట్రేలో రెండు కెచప్ ప్యాకెట్లు పడ్డాయి. వాడికి అవి రెండు నిమిషాలు కూడా రాలేదు. ఇంకో రెండు అడిగితే, కౌంటరు వెనక కుర్రాడు మర్యాదగానే, "ఎక్స్‌ట్రాకి బిల్లు వెయ్యాలి సార్" అన్నాడు. వేశాడు. కాగితం మీద కెచప్ అన్న మాట, దాని ఎదురుగా అంకె, కింద జీఎస్టీ, అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున గాంధీనగర్ వైపు పని ఉండి వెళ్లి, అక్కడే ఒక పాతకాలపు టిఫిన్ హోటల్లో కూర్చున్నాను. రెండో ఇడ్లీ తుంచుతుండగా సర్వరు చట్నీ బకెట్‌తో పక్కనుంచి వెళుతూ, నేను అడక్కుండానే ఒక గరిటె వేసి పోయాడు. ఆగలేదు, నా మొహం చూడలేదు, ప్లేటు చూశాడంతే. రాత్రి బిల్లు ఇంకా జేబులోనే ఉందేమో, నాకు ఆ గరిటె మీదే చూపు నిలిచింది. ఇది ఊరికే వస్తున్న చట్నీ. ఊరికే ఇచ్చి కూడా ఈ హోటలు ఎలా బతుకుతోంది? "మనవాళ్లది పెద్ద చెయ్యి" అని చెప్పుకుని మురిసిపోవడం తేలిక. కానీ పెద్ద చెయ్యితో వ్యాపారం నడవదని బెజవాడ వాళ్లకు వేరే చెప్పాలా? ఆ గరిటె వెనక దాతృత్వం కన్నా పనితనం ఎక్కువ ఉందని నాకు అనుమానం వచ్చింది. ఆ తర్వాత నాలుగైదు హోటళ్లలో అదే పనిగా కూర్చుని చూశాను. అనుమానం నమ్మకమైంది.

ముందు ఆ కెచప్ ప్యాకెట్‌కి న్యాయం చెయ్యాలి. అదీ తక్కువ పనితనం కాదు. పలచటి పొరలు అతికించిన ఆ చిన్న సంచి నెలల తరబడి లోపలి సరుకును కాపాడుతుంది. అంచున చిన్న గాటు పెట్టి, చిన్నపిల్లవాడు కూడా చింపేలా చేస్తారు. 2021లో అమెరికాలో కరోనా వల్ల పార్శిళ్లు పెరిగి ఈ ప్యాకెట్లకే కరువొచ్చింది. ఉత్పత్తి 25 శాతం పెంచి ఏడాదికి 1200 కోట్లు దాటిస్తామని హైన్జ్ కంపెనీ చెప్పాల్సి వచ్చింది. లెక్కపెట్టగలిగిన వస్తువుకి ధర కట్టడం సహజం. జర్మనీలో చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు మొదటి వారంలో ఆశ్చర్యపోయే సంగతుల్లో ఇదొకటి. అక్కడ బర్గర్ కొట్లలో కెచప్‌కి విడిగా డబ్బులు తీసుకోవడం మామూలు విషయం. ఎవరూ తగువు పెట్టుకోరు.

ప్యాకెట్‌లో ఉన్నదానికి ఒక గుణం ఉంది. అది తియ్యగా ఉంటుంది. తీపికి నాలుక చాలు అనదు. మా వాడు ఇంకో ఆరు ప్యాకెట్లు ఇచ్చినా ఖాళీ చేసేవాడు. లోపలి సరుకులో కొలత లేదు కాబట్టి బయటి సంచికి కొలత పెట్టుకున్నారు. మన టిఫిన్ హోటలు ఈ లెక్కను తిరగేసింది. బయట గరిటె స్వేచ్ఛగా తిరుగుతుంది, కొలత పచ్చడి లోపల ఉంటుంది.

అల్లం పచ్చడి చూడండి. కృష్ణా జిల్లా టిఫిన్‌కి అది ముఖ్యమైన గుర్తు. పెసరట్టుకి అది లేకపోతే ఆ అట్టు అనాథ. పల్లీలతో చేసినదాన్ని ఇక్కడ చట్నీ అంటాం, అల్లంతో చేసినదాన్ని పచ్చడి అంటాం. ఈ తేడా ఎవరు పెట్టారో గాని సరిగ్గానే పెట్టారు. చట్నీ పూటకి మాత్రమే పనికొస్తుంది, పచ్చడి నిలబడుతుంది. అల్లాన్ని చెక్కు తీసి, తడి ఆరనిచ్చి, సన్నగా తరిగి నూనెలో వేయిస్తారు. ఇక్కడే మొదటి పరీక్ష. పచ్చి అల్లం ఘాటుకు మూలమైన జింజెరాల్ వేడి తగిలితే కొంత జింజెరోన్‌గా మారి మెత్తబడుతుంది. తక్కువ వేయిస్తే గొంతులో గీసుకుంటుంది, ఎక్కువ వేయిస్తే చేదెక్కుతుంది. తరిగిన ముక్క అంచులు కాస్త రంగు మారి, పచ్చి వాసన పోయి వేరే వాసన లేచే ఆ క్షణాన్ని వంట మాస్టర్ ముక్కుతో పట్టుకుంటాడు. గడియారం చూసేవాణ్ణి నేనైతే చూడలేదు.

తర్వాత ఎండుమిర్చి. కృష్ణ దాటితే ఓ 35 కిలోమీటర్లలో గుంటూరు మిర్చి యార్డు. అంత దగ్గర్లో ఉంటే కారం ఎక్కువ వెయ్యాలనిపిస్తుంది ఎవరికైనా. తెలిసినవాడు రెండు రకాలు కలుపుతాడు, ఒకటి కారానికి, ఒకటి రంగుకి. రంగు కోసం కారపు మిర్చినే కుమ్మరిస్తే పచ్చడి ఎర్రగా మెరుస్తుంది గాని తినేవాడి కళ్లూ మెరుస్తాయి. చింతపండు గుజ్జు ముందే ఉడికించి చిక్కబరిచి ఉంచాలి. పల్చటి పులుసు పోస్తే నీరు విడిచి త్వరగా బూజు పడుతుంది. చివరికి ఉప్పు, బెల్లం. బెల్లం పచ్చడిని తియ్యగా చెయ్యడానికి కాదు. పులుపూ కారమూ ఒకదాన్నొకటి తరుముకుంటుంటే రెండింటి మధ్యలో కూర్చుని సర్ది చెప్పే పెద్దమనిషి పని అది చేస్తుంది. బెల్లం రుచి విడిగా తెలిసిందంటే పాకం చెడినట్టే. ఇంట్లో నిల్వ పెట్టుకునే పచ్చడి గట్టిగా ఉంటుంది. హోటల్లో దాన్నే కాచిన నీళ్లతో జారుగా చేసి తాలింపు పెడతారు. గరిటెలోంచి జారాలి, ప్లేటులో పారకూడదు.

ఇలా కుదిరిన పచ్చడికి ఉప్పు, పులుపు, కారం, ఘాటు నాలుగూ అంచు మీద నిలబడి ఉంటాయి. వేలి కొనతో అద్దుకుంటే ఇడ్లీ ముక్క మొత్తానికి సరిపోతుంది. చెంచాడు ఒకేసారి తినబోతే నాలుకే వద్దంటుంది. అల్లం పచ్చడి రెండోసారి అడిగేవాళ్లు కనిపించారు. మూడోసారి అడిగినవాళ్లు నేను చూసినంతలో ఇద్దరు. వాళ్లలో ఒకాయన పక్కవాడితో మాటల్లో పడి ఏం తింటున్నాడో గమనించలేదు. పచ్చడిని ఎంత ఉదారంగా వడ్డించినా నష్టం రాదని మాస్టర్‌కి తెలుసు, ఎందుకంటే కాపలాదారు లోపలే ఉన్నాడు.

పల్లీ చట్నీ కథ వేరు. అది మెత్తని మనిషి, ఎంతైనా దిగుతుంది. అందుకని దాని దగ్గర పనితనం ఖర్చు అదుపులో పెట్టడంలో ఉంటుంది. పల్లీలు సన్నని సెగ మీద వేయించి, పొట్టు నలిచి, చాటలో చెరుగుతారు. ఓపిక లేనివాడు పొట్టుతోనే రుబ్బేస్తాడు. చట్నీ మట్టి రంగుకి తిరిగి, చివర్లో ఒగరు తగులుతుంది. దానికి తోడు పుట్నాల పప్పు. పల్లీ ధర పెరిగినప్పుడల్లా పుట్నాల పాలు పెరుగుతుందన్నది అన్ని హోటళ్లకీ తెలిసిన రహస్యమే. ఒక హద్దు వరకు అది మోసం కాదు. పుట్నాలు చట్నీకి చిక్కదనమూ తెలుపూ ఇస్తాయి. హద్దు దాటితే నాలుక మీద పిండి పిండిగా ఆడుతుంది. ఇంకో చిక్కుంది. పుట్నాలు నీళ్లు తాగుతూనే ఉంటాయి. ఆరింటికి సరిగ్గా ఉన్న చట్నీ ఏడున్నరకు ముద్దవుతుంది. అందుకని అనుభవమున్న మాస్టర్ ఆరింటికి కాస్త పల్చగానే దింపుతాడు, గిరాకీ ముమ్మరమయ్యే వేళకి అదే కుదురుకుంటుంది. మొదటి బేరానికి వచ్చినవాళ్లు "ఇవాళ చట్నీ నీళ్లలా ఉందేంటండీ" అంటే నవ్వి ఊరుకుంటాడు.

బెజవాడ ఎండల్లో కొబ్బరి ఎక్కువ వేసిన చట్నీ గంటల్లోనే పులిసిపోతుంది. రోహిణి కార్తెలో అయితే చెప్పనే అక్కర్లేదు. అందుకే ఇక్కడ కొబ్బరి చుట్టంచూపుగా మాత్రమే వస్తుంది. మంచి హోటల్లో చట్నీ ఒకేసారి రుబ్బి పెట్టరు, రెండు మూడు విడతలుగా రుబ్బుతారు, పాతదాంట్లో కొత్తది కలపరు. తాలింపు కూడా బకెట్ నిండినప్పుడల్లా విడిగా పెట్టేవాళ్లను చూశాను. ఆవాలు చిటపటలాడిన వాసన హాలు మధ్యలోకి వస్తుంటే, తొమ్మిదింటికి వచ్చినవాడికీ అప్పుడే చేసిన చట్నీ అనిపిస్తుంది.

కారప్పొడి గురించి రెండు ముక్కలే. అది పలుకుగా ఉండాలి. మిక్సీలో మెత్తగా దుమ్ము చేస్తే నెయ్యి తాగి బురదవుతుంది. పలుకు ఉన్న పొడి మీద నెయ్యి పడితే గింజ గింజా విడిగా మెరుస్తుంది. ఇడ్లీ మీద వెన్న అనగానే గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్ గుర్తుకు రానివాళ్లు ఈ ఊళ్లో తక్కువ. ఆ వెన్నా ఈ పొడీ కలిసినప్పటి రుచి తెలిసినవాళ్లకు నేను వర్ణించక్కర్లేదు. గమనించాల్సింది మరొకటి. టిఫిన్ హోటళ్లు అదనంగా డబ్బు తీసుకునేది సాధారణంగా ఇక్కడే. నెయ్యికి, వెన్నకి ధర వేరు. అవి హోటలు వంటగదిలో పుట్టినవి కావు, కొని తెచ్చినవి. తూకం ప్రకారం వచ్చినదానికి తూకం ప్రకారమే డబ్బు తీసుకుంటారు. తమ చేతుల మీదుగా పుట్టిన చట్నీని మాత్రం ఇడ్లీలో భాగంగానే లెక్కేస్తారు.

నిజానికి ఊరికే రావడం అన్నది మన భ్రమ. పల్లీ, మిర్చి, గ్యాసు, రుబ్బే కరెంటు, అన్నీ ఆ ఇడ్లీ ధరలోనే ఉన్నాయి. 2017 నవంబరు 15 నుంచి మామూలు హోటళ్ల టిఫిన్ మీద జీఎస్టీ 5 శాతం అయింది. దాంతో పాటు సరుకుల మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకునే వీలు పోయింది. ఆ పన్ను కూడా ఇడ్లీలోనే ఇంకింది. తక్కువ చట్నీ తినేవాడు ఎక్కువ తినేవాడి ఖర్చు కొంత మోస్తాడు. ఎవరికీ కనిపించకుండా, ఎవరినీ చిన్నబుచ్చకుండా జరిగే సర్దుబాటు ఇది. బిల్లు మీద "చట్నీ" అన్న గీత పడ్డ రోజున ఈ సర్దుబాటు తెగిపోతుంది. అదే ఇడ్లీ ధర మీద ఓ రూపాయి పెంచితే గొణుక్కుంటాం గాని హోటలు మారం.

ఇక గరిటె పట్టిన మనిషి దగ్గరికి వస్తాను. నా లెక్కలో అసలు కళాకారుడు అతనే. చట్నీ గరిటె సాంబారు గరిటె కన్నా చిన్నది, లోతు తక్కువ. మొదటిసారి నిండుగా పోస్తాడు. కంటికి ప్లేటు నిండుగా కనిపించాలి. మారు వడ్డనకి వచ్చినప్పుడు మణికట్టు కొంచెం వంచుతాడు. సగమే పడుతుంది, కాని గరిటె తిరిగిన తీరు, బకెట్ అంచుకి తగిలిన చప్పుడు నిండు గరిటెలాగే ఉంటాయి. అతను చూసేది చట్నీ ఎంత ఉందని కాదు, ఇడ్లీ ఎంత మిగిలిందని. ఇడ్లీ ఒకటిన్నర ఉంటే గరిటె నిండుతుంది, అరముక్క ఉంటే అడుగు తడుపుతుంది. ఒకసారి నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఇడ్లీ అయిపోయాక చట్నీ అడిగాడు.

"ఇడ్లీ అయిపోయినట్టుంది బాబాయిగారూ, ఇంకోటి తెమ్మంటారా?"

"అక్కర్లేదయ్యా, ఉత్తినే."

అతను మారు మాట లేకుండా వేశాడు. పెద్దాయన వేలితో నాకి, తృప్తిగా లేచాడు. ఆ అరగరిటె ఖరీదు ఎంతుంటుందో యజమాని లెక్కేసే ఉంటాడు. ఆయన రేపు మళ్లీ వస్తాడన్నది కూడా ఆ లెక్కలో ఉండే ఉంటుంది.

పార్శిల్ దగ్గర ఈ కళ ఇంకో రూపం తీసుకుంటుంది. పల్చటి కవరు నోరు వేళ్లతో తెరిచి, గరిటె వంచి, కవరులో కాస్త గాలి ఉండగానే మెడ మెలిపెట్టి, గూట్లో వేలాడే దారపు ఉండ నుంచి ఐదారు చుట్లు చుట్టి పుటుక్కున తెంపుతారు. ముడి వెయ్యరు. చివరి చుట్టు మెలిక కింద ఇరుక్కుని దానంతటదే బిగుస్తుంది. లోపల గాలి ఉండబట్టి ప్యాకెట్ బంతిలా నిలుస్తుంది, స్కూటర్ హ్యాండిల్‌కి తగిలించుకుని ఏలూరు రోడ్డు గుంతల్లో వెళ్లినా నలగదు. ఇంటికెళ్లి విప్పబోతే మాత్రం ఆ దారం కొస దొరకదు. అది వేరే సంగతి. ఇప్పుడు మూత డబ్బాలు వచ్చాయి, వాటితో పార్శిల్ చార్జీ వచ్చింది. ఫోన్ యాప్‌లలో "ఎక్స్‌ట్రా చట్నీ" విడి వస్తువై ధరతో సహా కనిపిస్తోంది. గరిటె చేతిలోంచి జారి డబ్బాలో పడగానే చట్నీకి కూడా లెక్క వచ్చేసిందన్నమాట.

పక్క రాష్ట్రంలో ఈ లెక్క వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లింది. తమిళనాడులోని విల్లుపురంలో 2022 నవంబరులో ఒకాయన 25 పార్శిల్ భోజనాలు కొన్నాడు, ఒక్కోటి 80 రూపాయలు. విప్పి చూస్తే ఒక్కదాంట్లోనూ ఊరగాయ లేదు. ఊరగాయ ధర రూపాయి చొప్పున మొత్తం 25 రూపాయలు. హోటలు ఆ పాతిక తిరిగివ్వకపోవడంతో ఆయన కమిషన్‌కి ఎక్కాడు. 2024 జులైలో తీర్పు వచ్చింది. నష్టపరిహారం, ఖర్చులు కలిపి 35 వేల రూపాయలు కట్టమన్నారు. ఈ వార్త చదివి నవ్వినవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. ఊరగాయ లేని పెరుగన్నం ముందు కూర్చున్న పాతికమంది మొహాలు ఊహించుకున్నాను.

నిన్న రాత్రి నేనూ పార్శిలే తెచ్చాను. నాలుగు ఇడ్లీలు, ఒక పెసరట్టు, దారం చుట్టిన రెండు బంతులు. పల్లీ చట్నీ మూడో ఇడ్లీకే అయిపోయింది, మా వాడు కవరు తిరగేసి పిండాడు. అల్లం పచ్చడి సగం మిగిలింది. చిన్న గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇవాళ మధ్యాహ్నం వేడన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకుంటే ఇద్దరికి సరిపోయింది. గిన్నె అడుగున ఇంకా కాస్త ఉంది.